ఈమ్: ఒక ఇంగ్లీషు పల్లె నీళ్లు, గనులు, కట్టుబాట్లు

ఈమ్ గ్రామం ఇంగ్లాండు మధ్యభాగంలో, డార్బీషైర్ కౌంటీలోని పీక్ డిస్ట్రిక్ట్ కొండల్లో ఉంది. 2011 జనగణనలో ఈ పారిష్ జనాభా 969. బ్రిటన్‌లో మొట్టమొదటి జాతీయ ఉద్యానవనంగా 1951లో ఏర్పడిన ప్రాంతంలో ఇదొక చిన్న ఊరు. ఉత్తరాన ఈమ్ ఎడ్జ్ అనే నిటారైన ఇసుకరాతి గుట్ట ఉంది. దక్షిణాన సున్నపురాతి నేల మొదలవుతుంది. ఈ రెండు రాళ్లూ కలిసేచోట, కొండవాలులో మెట్టులా ఉన్న కాస్త చదునులో ఊరు ఒకే పొడవాటి వీధిగా సాగుతుంది. గుట్ట వైపు నుంచి ఊటనీరు దిగుతుంది. సున్నపురాతి పగుళ్లలో సీసం దొరుకుతుంది. ఈ నీళ్లు, ఈ సీసం అన్న రెంటి చుట్టూనే ఊరి బతుకు వెయ్యేళ్లకు పైగా తిరిగింది.

ప్రపంచానికి మాత్రం ఈమ్ వేరే కారణంగా తెలుసు. 1665 సెప్టెంబరు నుంచి 1666 నవంబరు దాకా ఊరిని ప్లేగు పట్టుకుంది. రోగం చుట్టుపక్కల పల్లెలకు పాకకుండా జనం తమ ఊరి పొలిమేర దాటకూడదని కట్టుబాటు చేసుకున్నారు. ఆ పద్నాలుగు నెలల కథ మీద నాటకాలు, నవలలు, పాఠ్యపుస్తకాలు వచ్చాయి. ఆ కీర్తి న్యాయమైనదే. కానీ ఆ కట్టుబాటు ఒక్కరాత్రిలో పుట్టలేదు. ఉమ్మడి నీటిని పంచుకోవడం, గని తగాదాలను తమ పంచాయతీలోనే తీర్చుకోవడం, చర్చి లెక్కలు చూసుకోవడం అప్పటికే అలవాటైన ఊరు అది. ఆ అలవాట్లను పక్కన పెట్టి ప్లేగు ఘట్టాన్ని మాత్రమే చెబితే ఈమ్ అర్థం కాదు.

ఈ కొండల్లో సీసం తవ్వకం రోమన్ల కాలం నాటికే ఉంది. ఆనాటి లాటిన్ ముద్రలున్న సీసపు దిమ్మెలు డార్బీషైర్‌లో దొరికాయి. రోమన్లు వెళ్లిపోయిన తర్వాత వచ్చిన ఆంగ్లో శాక్సన్ జనం ఇక్కడ స్థిరపడ్డారనడానికి పెద్ద సాక్ష్యం చర్చి ఆవరణలో నిలబడి ఉన్న రాతి శిలువ. ఎనిమిదో శతాబ్దానికో తొమ్మిదో శతాబ్దానికో చెందిన ఈ శిలువ నిలువు కంబంలో ఒక ముక్క పోయింది. మిగిలిన భాగం మీద తీగల అల్లిక, పైన దేవదూతల బొమ్మలు ఇప్పటికీ స్పష్టంగా కనిపిస్తాయి. ఇంగ్లాండులో ఇలాంటి శిలువలకు తలభాగం మిగలడం అరుదు. నార్మన్ రాజు విలియం 1086లో చేయించిన డూమ్స్‌డే సర్వేలో ఈమ్ పేరు ఉంది. సెయింట్ లారెన్స్ చర్చి మధ్యయుగంలో మొదలై తరతరాలుగా మార్పులు పొందుతూ వచ్చింది. దాని దక్షిణపు గోడ మీద 1775లో అమర్చిన ఎండగడియారం స్థానిక కాలంతో పాటు దూరదేశాల నగరాల పేర్లను కూడా చూపిస్తుంది.

ఊరి సదుపాయాల్లో పాతది, ముఖ్యమైనది నీటి ఏర్పాటు. సున్నపురాయి నీటిని నిలవనివ్వదు. వాన ఎంత కురిసినా పగుళ్లలోంచి భూమిలోకి జారిపోతుంది. పీక్ డిస్ట్రిక్ట్‌లో సున్నపురాతి నేల మీద ఉన్న పల్లెలు చాలావరకు నీటికి కటకటలాడేవి. ఈమ్‌కు గుట్ట అడుగున ఊటలు ఉన్నాయి. ఆ నీరు కూడా కొంతదూరం పారి, సున్నపురాయి తగలగానే నేలలోకి ఇంకిపోయేది. అలా ఇంకిపోక ముందే ఊట దగ్గర నీటిని పట్టి, గొట్టాల ద్వారా వీధిలోకి తెచ్చి, రాతి తొట్లలో నింపే పద్ధతిని 1588లో ఏర్పాటు చేశారని గ్రామ చరిత్ర చెబుతుంది. పన్నెండు చోట్ల తొట్లు పెట్టారు. మనుషులు తాగడానికి, వంటకు, పశువులకు, బట్టలకు అన్నిటికీ ఆ నీరే. ఉమ్మడి నీటి సరఫరా ఉన్న తొలి ఇంగ్లీషు పల్లెల్లో ఈమ్ ఒకటిగా పేరు పొందింది. వీధిలో నడిచేవారికి కొన్ని తొట్లు నేటికీ కనిపిస్తాయి. లండన్‌కు న్యూ రివర్ కాలువ నీళ్లు వచ్చింది 1613లో. అంటే దేశ రాజధానికి పెద్ద కాలువ రావడానికి పాతికేళ్ల ముందే ఒక కొండపల్లె తన వీధిలోకి నీళ్లు తెచ్చుకుంది. పరిమాణంలో రెంటికీ పోలిక లేకపోయినా ఈ మాట చెప్పుకోదగ్గది. గొట్టం పగిలితే బాగుచేయాలి, తొట్టి పాచిపడితే కడగాలి, ఎగువ ఇంటివాడు నీరు మురికి చేస్తే అడగాలి. ఇవన్నీ రోజువారీ పనులు. ఇవి చేసే ఊరికి ఉమ్మడి బాధ్యత ఎలా ఉంటుందో ఎవరూ కొత్తగా నేర్పనక్కర్లేదు.

సీసం విషయంలో ఈ ప్రాంతపు ఆచారాలు ఇంకా విశేషమైనవి. డార్బీషైర్ గని ప్రాంతాల్లో సీసం వెదికే హక్కు భూస్వామికి మాత్రమే పరిమితం కాలేదు. చర్చి ఆవరణ, పండ్లతోట, పెరటితోట, రహదారి వంటి కొన్ని చోట్లు మినహా ఎవరి పొలంలోనైనా, ఎవరైనా సీసపు పొర వెదకవచ్చు. దొరికిందని రుజువు చేసుకున్నవాడికి బార్‌మాస్టర్ అనే అధికారి నేల కొలిచి హక్కు ఇచ్చేవాడు. చాలాచోట్ల తీసిన ముడిసీసంలో పదమూడో పళ్లెం రాజుకో, ఆ హక్కు అనుభవించే ప్రభువుకో చెల్లేది. పళ్లెం అంటే కొలపాత్ర. అధికారిక ప్రమాణంగా 1513లో చేసిన కంచు పళ్లెం వర్క్స్‌వర్త్‌లో ఇప్పటికీ భద్రంగా ఉంది. గనివాడు పని ఆపేసి గనిని వదిలేస్తే, బార్‌మాస్టర్ వచ్చి ముడిసీసాన్ని పైకి చేదే కొయ్య గిలక మీద గాటు పెట్టేవాడు. విడివిడిగా మూడు గాట్లు పడేదాకా పని మొదలు కాకపోతే ఆ గని ఇంకొకరికి పోయేది. పనిచేసేవాడికే హక్కు అన్న సూత్రం దీనిలో ఇమిడి ఉంది.

ఈ ఆచారాలను 1288లో ఆష్‌బోర్న్‌లో జరిగిన రాజవిచారణ నమోదు చేసింది. తగాదాలు తీర్చేది బార్‌మోట్ అనే గని న్యాయసభ. దానిలో జ్యూరీ సభ్యులు గనుల సంగతి తెలిసినవారే. ఈమ్, పక్కనున్న స్టోనీ మిడిల్టన్ కలిసి ఒక గని పరిధిగా ఉండి తమ సభ తాము నడుపుకొన్నాయి. పదిహేడో శతాబ్దపు సత్రం మైనర్స్ ఆర్మ్స్ పేరులోనే గనివారు ఉన్నారు. న్యాయసభలు అక్కడ జరిగేవి. ఒకే గదిలో తీర్పు, భోజనం, బీరు. ఊరి పబ్బు అంటే తాగుడు చోటు మాత్రమే అనుకునేవారు ఈ ఒక్క ఉదాహరణ గుర్తుంచుకుంటే ఇంగ్లీషు పల్లెలో దాని స్థానం తెలుస్తుంది. పాత ఆచారాలన్నిటినీ 1851, 1852 చట్టాలు క్రోడీకరించాయి. వర్క్స్‌వర్త్‌లో బార్‌మోట్ సభ నేటికీ సంప్రదాయంగా కొనసాగుతోంది.

అలాంటి ఊరికి 1665లో ప్లేగు వచ్చింది. ఆ ఏడు లండన్‌లో మహామారి విలయం సృష్టిస్తోంది. అక్కడి నుంచి ఈమ్‌లోని దర్జీ అలెగ్జాండర్ హాడ్‌ఫీల్డ్ ఇంటికి బట్టల మూట ఒకటి చేరింది. తడిసిన బట్టలను నిప్పు దగ్గర ఆరబెట్టిన సహాయకుడు జార్జ్ వికార్స్ కొద్ది రోజుల్లోనే జబ్బుపడి, సెప్టెంబరు 7న చనిపోయాడు. బట్టల్లో ఉన్న ఫ్లీ పురుగులే రోగాన్ని మోసుకొచ్చాయన్నది నేటి సాధారణ వివరణ. ఆనాటికి అది ఎవరికీ తెలియదు. ప్లేగు క్రిమిని అలెగ్జాండర్ యెర్సిన్ హాంకాంగ్‌లో కనుగొన్నది 1894లో. శరదృతువులో చావులు పెరిగాయి, చలికాలంలో తగ్గాయి. పోయిందనుకున్నది 1666 వేసవికి మళ్లీ విజృంభించింది.

అప్పుడు ఊరికి ఇద్దరు మతాధికారులు ఉన్నారు. ఒకరు 1664లో వచ్చిన రెక్టర్ విలియం మాంపెసన్. ముప్పై ఏళ్లు కూడా నిండని యువకుడు. రెండోవారు థామస్ స్టాన్లీ. స్టాన్లీ అంతకుముందు ఇదే చర్చి బాధ్యతలు చూశాడు. 1662లో ఆరాధనా విధానంపై వచ్చిన చట్టానికి తలవంచనందుకు పదవి పోగొట్టుకున్నాడు. ఊరిలో చాలామంది మనసు స్టాన్లీ వైపే ఉండేది. అంతర్యుద్ధం ముగిసి పాతికేళ్లు కాకముందు, మతభేదాలు ఇంకా పచ్చిగా ఉన్న రోజుల్లో ఆ ఇద్దరూ ఒక్క మాట మీదకు రావడమే ఈమ్ కథలో కీలకం. రెక్టర్‌కు పదవి ఉంది, స్టాన్లీకి జనం నమ్మకం ఉంది. ఒకరు లేకుండా ఇంకొకరు ఆ కట్టుబాటు నిలబెట్టగలిగేవారు కాదు.

1666 జూన్‌లో మూడు నిర్ణయాలు జరిగాయి. చనిపోయినవారిని చర్చి ఆవరణకు తీసుకురాకుండా, ఎవరి కుటుంబం వారిని వారే ఇంటి దగ్గర, పొలంలో పాతిపెట్టాలి. చర్చి తలుపులు మూసి, ప్రార్థన కక్లెట్ డెల్ఫ్ అనే పచ్చని లోయలో, కుటుంబాలు దూరదూరంగా నిలబడి చేయాలి. ఊరి చుట్టూ గిరి గీసినట్టు హద్దు పెట్టుకుని, ఎవరూ దాటకూడదు, ఎవరినీ రానివ్వకూడదు. రోగం గాలి వల్లనా స్పర్శ వల్లనా అని వైద్యులే తేల్చుకోలేని కాలంలో మూకుమ్మడిగా గుమిగూడకపోవడం, దూరం పాటించడం సరైన నిర్ణయాలే.

ఇక్కడ త్యాగం గురించి చెప్పేవారు తిండి గురించి చెప్పడం మరచిపోతుంటారు. హద్దు మూసుకున్న ఊరికి రొట్టె ఎక్కడినుంచి రావాలి? చాట్స్‌వర్త్‌లో నివసించే డెవన్‌షైర్ ఎర్ల్ ఆహారం, అవసరమైన సామగ్రి పంపించే ఏర్పాటు చేశాడు. చుట్టుపక్కల పల్లెలవారు సరుకులు తెచ్చి పొలిమేర దగ్గర దించి వెళ్లేవారు. ఈమ్‌కు, స్టోనీ మిడిల్టన్‌కు మధ్య పొలంలో ఉన్న హద్దురాయి మీద గుంటలు ఉన్నాయి; వాటిలో వెనిగర్ పోసి డబ్బులు ముంచి పెట్టేవారని చెబుతారు. గుట్ట మీద మాంపెసన్ బావిగా పేరుపడ్డ ఊట దగ్గర పారే నీటిలో నాణేలు ఉంచేవారు. కొనేవాడూ అమ్మేవాడూ ముఖాముఖి కలవకుండానే బేరం జరిగేది. మూసిన ఊరు నెలల తరబడి మూసి ఉండగలిగింది ఈ సరఫరా వల్లనే. పొరుగూళ్లు సరుకు తేకపోతే ఆకలి జనాన్ని హద్దు దాటించి ఉండేది. అప్పుడు కట్టుబాటు వారం కూడా నిలిచేది కాదు.

చావులు మాత్రం ఆగలేదు. ఆగస్టు అన్నిటికంటే ఘోరమైన నెల. ఊరికి కొంచెం దూరంలోని రైలీ పొలంలో ఎలిజబెత్ హాంకాక్ ఎనిమిది రోజుల్లో భర్తను, ఆరుగురు పిల్లలను తన చేతులతోనే పాతిపెట్టింది. ఆ సమాధుల చుట్టూ తర్వాత గోడ కట్టారు. ఇప్పుడు వాటిని నేషనల్ ట్రస్టు సంరక్షిస్తోంది. పిల్లలను దూరంగా పంపించి తాను భర్త దగ్గరే ఉండిపోయిన కేథరిన్ మాంపెసన్ ఆగస్టు 25న మరణించింది. ఆమె సమాధి చర్చి ఆవరణలో, పాత శిలువకు దగ్గరలో ఉంది. నవంబరు మొదట్లో చివరి మరణం నమోదైంది. మొత్తం సుమారు 260 మంది పోయారు.

ఊరి జనం ఎంతమందిలో 260 అన్నది చాలాకాలం తప్పుగా ప్రచారమైంది. పాత రచనలు 350 అన్నాయి. అదే నిజమైతే నలుగురిలో ముగ్గురు పోయినట్టు. పొయ్యి పన్ను జాబితాలు, చర్చి రిజిస్టరు కలిపి చూసిన తర్వాతి పరిశోధకులు ఊరి జనాభా దానికి దాదాపు రెట్టింపు అని తేల్చారు. మూడో వంతుకు మించిన నష్టం కూడా ఏ ఊరికైనా తట్టుకోలేనిదే. దాన్ని పెంచి చెప్పనక్కర్లేదు. హద్దు కథకు వివరమైన రూపం ఇచ్చినవి చాలావరకు తర్వాతి తరాల రచనలు. వాటిలో పేరుపొందినది విలియం వుడ్ 1842లో వెలువరించిన గ్రామ చరిత్ర. ప్రేమికులు హద్దు దగ్గర దూరం నుంచి చూసుకునేవారన్నలాంటి ముచ్చట్లు అలా చేరాయి. అంతమాత్రాన కట్టుబాటు కల్పన కాదు. మాంపెసన్ రాసిన ఉత్తరాలు, చర్చి రిజిస్టరులోని పేర్లు సమకాలీన ఆధారాలు.

ఆ రిజిస్టరు ఆధునిక విజ్ఞానానికి కూడా పనికొచ్చింది. మూసిన ఊరు, పేరు పేరునా తేదీతో మరణాలు: అంటువ్యాధుల గణితానికి ఇంతకంటే అనుకూలమైన పాత సమాచారం దొరకడం కష్టం. 1982లో జి. ఎఫ్. రాగెట్ రోగం సోకదగినవారు, సోకినవారు, తొలగిపోయినవారు అన్న మూడు వర్గాల నమూనాను ఈమ్‌కు అన్వయించాడు; అది పాఠ్యపుస్తకాల్లో ఉదాహరణ అయింది. 2016లో లిలిత్ విటిల్స్, జేవియర్ డిడెలో కుటుంబాల వారీగా మరణాలను విశ్లేషించి, సుమారు మూడొంతుల సంక్రమణ మనిషి నుంచి మనిషికే జరిగిందని, ఎలుకల వైపు నుంచి వచ్చింది నాలుగో వంతేనని అంచనా కట్టారు. ఎలుకలకు పొలిమేర కట్టుబాటు తెలియదు కాబట్టి అది వృథా అన్న పాత విమర్శ దీనితో బలహీనపడింది. 2020లో కొవిడ్ వచ్చినప్పుడు ఈ ఊరి పేరు మళ్లీ పత్రికలకెక్కడంలో ఆశ్చర్యం లేదు.

మాంపెసన్ తర్వాత నాటింగ్‌హామ్‌షైర్‌లోని ఈక్రింగ్‌కు బదిలీ అయ్యాడు. అక్కడి జనం ప్లేగు ఊరినుంచి వచ్చినవాడని భయపడి మొదట్లో ఊళ్లోకి రానివ్వలేదు. స్టాన్లీ 1670లో ఈమ్‌లోనే కన్నుమూశాడు.

ప్లేగు పోయిన కొద్ది ఏళ్లకే ఊరు మళ్లీ కట్టడాలు మొదలుపెట్టింది. రైట్ కుటుంబం 1670లలో కట్టిన ఈమ్ హాల్ ఆ తరానికి చెందినది. వీధి మధ్యలో ఇప్పటికీ నిలిచి ఉంది. పద్దెనిమిదో శతాబ్దంలో గుట్ట అడుగున గొప్ప సీసపు పొర దొరకడంతో ఊరి దశ తిరిగింది. ముడిసీసం మీద చర్చికి దశమభాగం రావడం వల్ల ఈమ్ రెక్టర్ పదవి సంపన్నమైనదిగా మారింది. అలాంటి రెక్టర్లలో ఒకరి కూతురు కవయిత్రి ఆనా సీవార్డ్, 1742లో ఇక్కడే పుట్టింది. గని లోతుకు పోయేకొద్దీ నీరు అడ్డొచ్చింది. నీటిని లోయలోని నదికి మళ్లించడానికి కొండ లోపల మైళ్ల పొడవున సొరంగ కాలువలు తవ్వారు. పందొమ్మిదో శతాబ్దం రెండో సగంలో విదేశీ సీసం చవకగా రావడంతో గనులు మూతబడ్డాయి. పట్టు, నూలు నేత, తర్వాత చెప్పుల తయారీ జనానికి పని ఇచ్చాయి. ఇరవయ్యో శతాబ్దంలో పాత గనివారు పనికిరాదని పారబోసిన ఫ్లోర్‌స్పార్ ఖనిజం ఉక్కు, రసాయన పరిశ్రమలకు అవసరమై, ఊరిలోని గ్లీబ్ గని మళ్లీ కొంతకాలం నడిచింది. చెప్పుల ఫ్యాక్టరీలూ ఆ గనీ రెండూ ఇప్పుడు లేవు.

నేటి ఊరికి జీవనాధారం ప్రధానంగా సందర్శకులు, చుట్టుపక్కల పట్టణాల్లో ఉద్యోగాలు. వీధిలో చర్చి, ప్రాథమిక పాఠశాల, పబ్బు, టీ దుకాణాలు, యూత్ హాస్టల్, పచ్చికబయలు, పక్కనే పాత శిక్షాకొయ్య ఉన్నాయి. గనివారికి చదువు, గ్రంథాలయం అందించడానికి పందొమ్మిదో శతాబ్దంలో పెట్టిన మెకానిక్స్ ఇన్‌స్టిట్యూట్ భవనం గ్రామసభలకు, కార్యక్రమాలకు హాలుగా ఉపయోగపడుతోంది. పాత మెథడిస్టు ప్రార్థనా మందిరంలో 1994లో మ్యూజియం తెరిచారు. స్థానిక చరిత్రకారుడు క్లారెన్స్ డేనియల్ జీవితమంతా కూడబెట్టిన సేకరణ దానికి పునాది. వందల మందికి మించని పల్లె తన చరిత్రను ఇంత క్రమంగా భద్రపరచుకోవడం నిజంగా మెచ్చదగ్గది. ఆగస్టు చివరివారంలో ఊటలను, తొట్లను అలంకరించే పండుగ జరుగుతుంది. చెక్కపలకల మీద ఉప్పు కలిపిన తడిమట్టి పరచి, పూరేకులు, ఆకులు, గింజలు అద్ది బొమ్మలు తయారుచేస్తారు. ఈమ్‌లో ఈ ఆచారం 1951లో మొదలైంది. నెల చివరి ఆదివారం ప్లేగు స్మారకదినం; జనం ఊరేగింపుగా కక్లెట్ డెల్ఫ్‌కు వెళ్లి ప్రార్థన చేస్తారు.

రోజువారీ వ్యవహారాలకు ఊరిలో పారిష్ కౌన్సిల్ ఉంది. ఇంగ్లాండులో ఇలాంటి ఎన్నికైన గ్రామమండలులు 1894 చట్టంతో ఏర్పడ్డాయి. అవి చూసేవి బెంచీలు, కాలిబాటలు, ఆటస్థలం, శ్మశానం వంటి చిన్న పనులు. పెద్ద రోడ్లు, బడులు కౌంటీ కౌన్సిల్ చేతిలో ఉంటాయి. చెత్త తీయడం జిల్లా కౌన్సిల్ పని. రైలు ఎక్కాలంటే 1894లో తెరిచిన గ్రిండిల్‌ఫోర్డ్ స్టేషనుకు వెళ్లాలి. హోప్ లోయ మార్గంలోని ఆ స్టేషన్ మాంచెస్టర్‌కు, షెఫీల్డ్‌కు మధ్య ఉంది. పెద్ద ఆసుపత్రి, హైస్కూలు, పెద్ద అంగళ్లు ఏవైనా బేక్‌వెల్, హోప్ లోయ ఊళ్లు, షెఫీల్డ్ వైపు ప్రయాణం చేస్తేనే దొరుకుతాయి. అందుకే పల్లె బస్సు వేళలు ముసలివారికి, పిల్లలకు చాలా ముఖ్యమైనవి.

ఇల్లు కట్టాలన్నా, ఉన్న ఇంటికి కిటికీ మార్చాలన్నా అనుమతి ఇచ్చేది జాతీయ ఉద్యానవన ప్రాధికార సంస్థ. పాతరాతి ఇళ్ల రూపు చెడకుండా కాపాడే ఈ నియమమే కొత్త ఇళ్ల సంఖ్యను కూడా తగ్గిస్తుంది. సెలవుల ఇళ్లు కొనేవారి డబ్బు తోడై ధరలు పెరుగుతాయి. ఊరి పిల్లలు పెద్దయ్యాక అదే ఊళ్లో ఇల్లు కొనలేకపోతే బడిలో పిల్లలు తగ్గుతారు, దుకాణానికి రోజువారీ గిరాకీ తగ్గుతుంది. అందువల్ల పీక్ డిస్ట్రిక్ట్‌లో కొత్తగా కట్టే చవక ఇళ్లను, ఆ ప్రాంతంతో దీర్ఘకాల సంబంధం ఉన్నవారికే కేటాయించాలన్న షరతుతో అనుమతిస్తున్నారు.